విల్లాల మధ్య హనుమంతుడు

రాతిలోనూ, ఆ రాతి చుట్టూ ఉన్న భూమిని కొన్నవారిలోనూ సమానంగా కొలువున్న స్వామికి మొదట నా నమస్కారం.

మొయినాబాద్ దగ్గర మా ఊళ్లో శనివారం భజనలో నేను పురాణం చదువుతాను. తాళాలు వేసేవారిలో అందరికన్నా పెద్దది ఒక అవ్వ. మోకాళ్ల ఆపరేషనప్పుడు ఆమె ఒక మొక్కు మొక్కింది. మళ్లీ నడిస్తే, గండిపేట వైపు తాను అమ్ముకున్న చేలోని హనుమంతుడికి తన చేతులతో ఒళ్లంతా సిందూరం పూస్తానని. నడక వచ్చింది. చేను మాత్రం విల్లాలైపోయింది. మొక్కు తీరకుండానే పోతానేమోనని ఆమెకు ఒకటే బెంగ.

ఒక శనివారం పొద్దున ఆటోలో తీసుకుపోయాను. దారి పొడవునా మా చుట్టుపక్కల ఊళ్లు ఏయే దేశాలుగా మారాయో చూస్తూ పోయాం. రోమాపురి స్తంభాల ఫంక్షన్ హాలు, రాజస్థాన్ కోటలాంటి రిసార్టు. విల్లాల గేటుకైతే ఏకంగా అయిదంతస్తుల గోపురం. అవ్వ ఆటో దిగి, చెప్పులు విడిచి, గడపకు మొక్కి, కొబ్బరికాయ కొట్టేసింది. నేనూ చెప్పులు విడిచాను. ఇన్నేళ్లు పురాణం చదివినవాణ్ణి, గోపురం కనబడితే నాకు ఇంకో ఆలోచన రాదు.

సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ఇది గుడి గాదు, గేటు."

"గేటుకు గోపురమెందుకు బిడ్డా?"

"డిజైనట. ఏ విల్లాకు పోవాలె?"

"హనుమంతునికాడికి."

"నంబర్ చెప్పు. ఆ ఇంటోళ్లు ఫోన్ల ఓకే అంటెనే పంపుతం."

"ఆయనకు ఫోనెవరు కొనిచ్చిన్రు?"

చివరికి అసోసియేషన్ ప్రెసిడెంటు వచ్చాడు. మంచి మనిషి. "సంస్కృతి అంటే మాకు ప్రాణం" అంటూ తానే దగ్గరుండి లోపలికి తీసుకెళ్లాడు.

పచ్చిక నడుమ, నున్నటి దిమ్మ మీద స్వామి. తరతరాల సిందూరాన్ని గీకించేశారు. "కింద ఎంత చక్కటి చెక్కడం దాగుందో చూడండి" అన్నాడాయన.

అవ్వ అటూ ఇటూ చూసింది. "మా సామేడి?"

"ఈయనే అమ్మా."

ఆమె చాలాసేపు పరికించింది. "ఒంటి మీద ఏం లేకుండ గిట్ల బరిబాత నిలబెట్టిన్రా" అని కొంగు ముడి విప్పి నూనెలో కలిపిన సిందూరం పొట్లం తీసింది.

ప్రెసిడెంటు కంగారుపడ్డాడు. నూనె తగిలితే రాయి పాడవుతుందట. "ఒక్క బొట్టు పెట్టండి, చాలు" అన్నాడు.

"సీతమ్మ పెట్టుకున్నది గూడ ఒక్క బొట్టే బిడ్డా. అది రాముని ఆయుష్షుకని తెలిసినంక ఈయన ఊకున్నడా? ఒళ్లంత పూసుకున్నడు" అంటూ అవ్వ నుదుటి దగ్గర మొదలుపెట్టి పాదాల దగ్గర ఆపింది.

అది నేను చదివి వినిపించిన కథే. ప్రెసిడెంటు నా వైపు చూశాడు. నేను కళ్లు మూసుకుని జపంలో ఉన్నాను.

మొక్కు తీరింది. మళ్లీ గీకిస్తారో లేదో తెలియదు. గీకిస్తే అవ్వ మళ్లీ బయలుదేరుతుంది. కాబట్టి చదువుతున్న మీరూ ఒక్క క్షణం చేతులు జోడించి నాతో అనండి: స్వామీ, ఆమె మోకాళ్లు చల్లగా చూడు.