మెట్లున్న గది

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన మొదటి చలికాలం. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మొదటి అంతస్తులో మా ట్రావెల్స్ ఆఫీసు. అందులో హోటల్ డెస్క్ నాది. టికెట్లు ఒకరు చూస్తారు, వీసాలు ఒకరు చూస్తారు. ఎక్కడికి పోవాలో తేల్చుకొని వచ్చిన మనిషికి ఎక్కడ పడుకోవాలో తేల్చే కుర్చీ హోటల్ డెస్క్. నేను ఆ కుర్చీ దిగడానికి ఇంకొక్క ఏడాది ఉంది.

ఆ ఆఫీసులో నేను చీపురుతో చేరాను. ముప్పై దాటాక చర్చిలో సాయంత్రం క్లాసుకు పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ముందు తెలుగు, తర్వాత కంప్యూటర్‌కు సరిపోయేంత ఇంగ్లీషు. కాబట్టి నాకు తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

సముద్రం ఒడ్డు హోటళ్ళ వ్యాపారంలో కొన్ని మాటలున్నాయి. ‘సీ ఫేసింగ్’ అంటే తలుపు తీస్తే ఎదురుగా సముద్రం. ‘సీ వ్యూ’ అంటే బాల్కనీలో నిలబడి మెడ తిప్పితే ఎక్కడో ఒక మూల నీళ్ళు కనిపిస్తాయి. గది ఖాయం అయ్యేదాకా హోటల్‌వాళ్ళు కొన్నాళ్ళు మన పేరు మీద ఆపి ఉంచితే అది ‘హోల్డ్’. హోల్డ్ వదిలితే గది వేరేవాళ్ళకు పోతుంది. ఏ అంతస్తు కావాలన్నది మామూలుగా ‘రిక్వెస్ట్’ మాత్రమే. కుదిరితే ఇస్తారు, లేకుంటే లేదు. దాన్ని ఖాయం చేయించుకోవాలంటే ఫోన్ పట్టుకొని కూర్చోవాలి. ఇవన్నీ కాక డెస్క్ మీద కూర్చున్న ప్రతివాళ్ళకూ మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది: పెద్దవాళ్ళుంటే కింది గది. అడక్కపోయినా కింది గదే. మోకాళ్ళ సంగతి మనకు తెలియాలి.

ఆ నవంబరులో వెంకటేశ్ అనే అతను వచ్చాడు. హిమాయత్‌నగర్‌లో ఉంటారు, కృష్ణా జిల్లా వాళ్ళు. తండ్రి గన్‌ఫౌండ్రీ బ్యాంకులో పనిచేసి పోయాడు. తల్లికి అరవై వస్తున్నాయని, భార్యాపిల్లలతో పాటు ఆమెను కూడా అండమాన్ తీసుకుపోవాలని అతని కోరిక. దీవి అతనే నిర్ణయించుకున్నాడు. ఒడ్డున ఉన్న రెండు హోటళ్ళు ఫోన్‌లో దాచుకొని వచ్చాడు. రెంటిలో ఏది మంచిదో చెప్పమన్నాడు.

రెండూ నేను చూసినవే. హోటళ్ళవాళ్ళు అప్పుడప్పుడు ఏజెంట్లను పిలిచి, తిండి పెట్టి, గదులు చూపిస్తారు. తూర్పు ఒడ్డు హోటల్‌లో ఈతకొలను ఉంది, ఓడలరేవు దగ్గర, అలలు తక్కువ. పిల్లలకు బాగుంటుంది. పడమటి ఒడ్డుది అడవిని ఆనుకొని ఉంటుంది. ఇసుక మీదనే కాటేజీలు, వెనక మెరక మీద ఒక రెండంతస్తుల కట్టడం. అక్కడ అలలు పెద్దవి. సాయంత్రం పొద్దు నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి కొత్త జంటలు ఎక్కువ. మీకు తూర్పుదే నయం అన్నాను. కానీ మీ అమ్మను ఒకసారి తీసుకురమ్మన్నాను. ఎవరి కోసం పోతున్నారో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోకుండా నేను హోటల్ ఖాయం చెయ్యను. అది నా పద్ధతి. ఆఫీసు యజమాని సేఠ్‌కు ఈ పద్ధతి నచ్చేది కాదు, ఆలస్యమని.

వెంకటేశ్ ఆ శనివారం తల్లిని తీసుకొచ్చాడు. పేరు నాంచారమ్మ. సన్నగా, ఎత్తుగా, మాట పొదుపుగా ఉన్నారు. మోకాళ్ళు నొప్పులట, మా మెట్లు ఎక్కేసరికి ఆయాసపడ్డారు. కొడుకు ఫోన్‌లో ఫొటోలు తిప్పుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకొని చూశారు. అన్నీ అయ్యాక నన్ను అడిగారు.

“ఇది ఏ సముద్రమమ్మా?”

వెంకటేశ్ నవ్వాడు. “ఏదైతే ఏంటమ్మా, ఉప్పునీళ్ళే కదా. తాగుతావా ఏంటి?”

బంగాళాఖాతమే, మీ బందరు కాడ ఉన్నదే, అని నేను చెప్పాను. ఆమె కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నారు. అక్కణ్ణించి మన ఒడ్డు ఏ దిక్కని అడిగారు. పొద్దు మునిగే దిక్కు అన్నాను.

“అయితే పొద్దు మునిగే వైపుదే తియ్యండి.”

కొడుక్కు ఆశ్చర్యమైంది. పిల్లలకు ఈతకొలను ఉండదు కదమ్మా అన్నాడు. ఇంతలో కిందనుంచి వాచ్‌మన్ కేకేశాడు, కారు తీయకపోతే ట్రాఫిక్‌వాళ్ళు చక్రానికి తాళం వేస్తారని. అతను పరుగెత్తాడు. అతను తలుపు దాటగానే ఆమె అడిగిన మొదటి మాట, ఆ హోటల్‌కు మెట్లున్నాయా అని. ఉన్నాయి గానీ మీకు కింది గదే ఇస్తామన్నాను. వద్దన్నారు. పైన కావాలన్నారు. మెట్లు బయటికా లోపలికా అని కూడా అడిగారు. బయటికే అన్నాను. గట్టిగా ఊపిరి తీసుకున్నారు. మోకాళ్ళు బాగాలేని మనిషి మెట్లు అడగడం నేను చూడటం అదే మొదలు.

కారు పక్కన పెట్టి వచ్చాక కొడుకు అమ్మ చెప్పిన హోటల్‌కే సరేనన్నాడు. నాలుగైదు రోజులకు ఆమె ఒక్కరే ఆటోలో వచ్చారు, మధ్యాహ్నం భోజనాల వేళ. ఆఫీసులో మాట్లాడలేనన్నారు. మొజంజాహీ మార్కెట్‌కు నడిచాం. ఐస్‌క్రీమ్ దుకాణం ముందు కుర్చీల్లో కూర్చున్నాం. కప్పులో ఐస్‌క్రీమ్ ఆమె ముందే కరిగిపోయింది.

నాంచారమ్మ గారిది దివిసీమ. ఉప్పెన వచ్చినప్పుడు అప్పుడప్పుడే ఓణీలు వేసుకుంటున్న పిల్ల. వాళ్ళ ఊళ్ళో డాబా ఇల్లు ఒక్కటే. దాని మెట్లు బయటికి ఉండేవి. ఎవరు ముందు ఆ మెట్లు పట్టుకుంటే వాళ్ళే బతికారు. వీళ్ళ పాక లేచిపోయింది. తల్లి ఈమె చేతిలో తమ్ముణ్ణి పెట్టి మెట్ల వైపు తోసింది. తల్లిని మళ్ళీ చూడలేదు. ఈమె ఒక చేత్తో మెట్టు పట్టుకుంది, ఒక చేత్తో తమ్ముణ్ణి. పైనుంచి ఎవరో ఈమె జుట్టు పట్టి లాగారు. ఈమె పైకి వచ్చింది. తమ్ముడు రాలేదు.

“దొరకలేదమ్మా. అందరూ శవాలైనా చూసుకున్నారు. నేను అదీ చూడలేదు. అప్పట్నించీ సముద్రం కాడికే పోలేదు. మా ఆయన తిరుపతి, షిర్డీ అన్నీ తిప్పారు గానీ సముద్రం అంటే నాకు జొరం వస్తుందని ఊరుకున్నారు. ఇప్పుడు వీడు తీసుకెళతానంటున్నాడు. ఒక్కసారి ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టి వాడితో ఒక మాట చెప్పి రావాలి. చెప్పి వచ్చాక రాత్రి పైన పడుకోవాలి. కింద నాకు కన్ను మూతపడదు.”

కొడుక్కు చెప్పొచ్చు కదా, అర్థం చేసుకుంటాడు అన్నాను.

“వాడికి ఉప్పెనలో అమ్మమ్మ పోయిందనే తెలుసు. తమ్ముడి సంగతి తెలీదు. తమ్ముడి పేరూ వెంకటేశే. నేను పిలిచినప్పుడల్లా ఎవర్ని పిలుస్తున్నానో వాడికి తెలియకూడదమ్మా. ఒట్టేయి.”

మా క్రైస్తవుల్లో ఒట్టు వెయ్యం, ప్రమాణం చేయకూడదని బైబిల్ వాక్యం. చెప్పను అన్నాను. నేను చెప్పనంటే చెప్పను. లేచేటప్పుడు ఆమె నన్ను వదినా అని పిలిచారు.

ఆ సాయంత్రమే పడమటి హోటల్‌కు ఫోన్ చేసి, వెనక కట్టడంలో పై గది రిక్వెస్ట్‌గా కాదు, ఖాయంగా పెట్టించాను. ముసలామెకు పైనెందుకు మేడమ్ అని వాళ్ళ రిజర్వేషన్ అబ్బాయి అడిగాడు. నీకెందుకు అన్నాను.

డిసెంబరులో, వాళ్ళ ప్రయాణానికి ముందు వారం, మా అక్క మనవరాలి పెళ్ళికి మెదక్ పోయాను. నా డెస్క్ ఫయాజ్ చూశాడు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు, నేనే నేర్పాను. ఆ వారంలో వెంకటేశ్ ఫోన్ చేశాడట. అమ్మ మోకాలికి ఇంజెక్షన్ వేశారని, డాక్టర్ మెట్లు ఎక్కొద్దన్నాడని, కింద ఏమైనా దొరుకుతుందా అని. అదే రోజు ఇసుక మీది కాటేజీ ఒకటి ఖాళీ అయింది. ఫయాజ్ పై గది వదిలేసి కాటేజీ తీశాడు. అమ్మకు చెప్పకండి, తలుపు తియ్యగానే సముద్రం చూసి సంతోషపడుతుంది అన్నాడట వెంకటేశ్. నేను తిరిగి వచ్చేసరికి వాళ్ళు విమానం ఎక్కేశారు. ఫయాజ్ ఆ సంగతి నాకు మంచి వార్తలా చెప్పాడు. “పెద్దమ్మకు మస్తు గది దొరికింది ఆంటీ. అలలు గుమ్మం దాకా వస్తయట.”

వాణ్ణి తప్పు పట్టలేను. పెద్దవాళ్ళంటే కింది గది అని నేర్పిన డెస్క్ అది. పాఠం ప్రకారం వాడు చేసిందే ఒప్పు. వెంటనే హోటల్‌కు ఫోన్ కలిపాను. పై గదులన్నీ నిండిపోయాయి.

మర్నాడు పొద్దున్నే వెంకటేశ్ ఫోన్. గొంతులో కోపం, నిద్రలేమి. అమ్మ గదిలో ఉండటం లేదన్నాడు. చీకటి పడ్డాక లేచి వెనక కట్టడం మెట్ల మీద కూర్చుందట. ఎవరు పిలిచినా దిగలేదట. దుప్పటి కప్పితే కప్పుకుందట. తెల్లారేదాకా అక్కడేనట.

“అందరూ చూస్తున్నారాంటీ. అంత మంచి గది. అడిగితే ఉక్కబోస్తోంది అంటుంది. ఏసీ ఉంది కదా అంటే దుప్పటి మీదికి లాక్కుంటుంది. మీతో ఏమైనా అందా?”

“మీ అమ్మకు పైన గది కావాలె. ఏదన్నా సరే, పైన. కారణం అడగకు బిడ్డా.”

“పైన ఖాళీ లేదంటున్నారు.”

“నేను చూస్త. జర ఓపిక పట్టు.”

ఫ్రంట్ ఆఫీసు వాళ్ళతో మాట్లాడాను. ఫ్రంట్ ఆఫీసంటే గది తాళాలు ఇచ్చేవాళ్ళు. వాళ్ళ మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. పెద్దలకు కాటేజీయే ఉత్తమం అన్నాడు. నేను వేరేవాళ్ళకు చెప్పే మాటే నాకు చెప్పాడు. పై గదుల్లో కొత్త జంటలు, ఒకరిద్దర్ని అడిగాడు గానీ ఎవరూ మారలేదు. వాళ్ళ తప్పు కాదు, పొద్దు మునగడం కోసమే వచ్చారు. చివరికి వంటగది మీద సిబ్బంది గది ఒకటి ఇచ్చారు. దాని కిటికీ అడవి వైపు. సముద్రం కనపడదు, వినపడదు. మిగతా రాత్రులు ఆమె అందులో పడుకున్నారు.

వాళ్ళు తిరిగొచ్చాక వెంకటేశ్ ఆఫీసుకు వచ్చాడు. సేఠ్ ముందు, ఫయాజ్ ముందు కోప్పడ్డాడు. మా అమ్మ షష్టిపూర్తి వంటగది మీద జరిగింది అన్నాడు. తర్వాత నా డెస్క్ ముందు కూర్చొని మెల్లగా అన్నాడు, ఆమెకు ఏం చేసినా నచ్చదని, ఇక ఎక్కడికీ తీసుకుపోనని. తప్పు ఆఫీసుది, మీ అమ్మది కాదు అన్నాను. నమ్మలేదు. నా దగ్గర చెప్పగలిగిన మాట అదొక్కటే ఉంది. రెండో మాట, చెప్పనని ఆమెకు ఇచ్చేసిన మాట.

నాంచారమ్మ గారు తర్వాతెప్పుడో వచ్చారు. ఫయాజ్‌ను తిట్టొద్దని చెప్పడానికి వచ్చానన్నారు. నీళ్ళలోకి దిగారా అని అడిగాను.

“లేదు వదినా. ఓ సాయంత్రం ఇసుక దాకా వెళ్ళా. పిల్లలు ఆడుకుంటున్నారు. మనవడు చెయ్యి పట్టి లాగాడు కూడా. అప్పుడు తట్టింది. మా తమ్ముడు చూసింది జడలేసుకున్న పిల్లని. ఈ ముసలి మొహం వాడికేం తెలుసు? ఎవరో అనుకుంటాడు. వెనక్కొచ్చేశా.”

టీ తెప్పించాను. తాగారు. మా మెట్లు దిగేటప్పుడు నేను పక్కన నడిచాను.

పదవీ విరమణ అయ్యాక ఒకసారి హిమాయత్‌నగర్ బజారులో వాళ్ళను చూశాను. వెంకటేశ్ సంచులతో ముందు పోతున్నాడు. ఆమె వెనకబడ్డారు. రోడ్డు మీద బండ్లు ఆగడం లేదు. “వెంకటేశూ, చెయ్యియ్యరా” అన్నారు. గట్టిగా కూడా కాదు. అతను విసుక్కుంటూనే వెనక్కి వచ్చి ఆమె చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించాడు. వాళ్ళు నన్ను చూడలేదు. నేనూ పిలవలేదు.

ఇందులో ఊరి పేరు రాయలేదు, మనుషుల పేర్లు మార్చాను. ఇద్దరి పేరూ ఒకటేనన్న సంగతి మాత్రం మార్చడం కుదరలేదు.

ఆ అండమాన్ ప్రయాణం తర్వాత ఉద్యోగంలో ఉన్న కొద్ది నెలల్లో డెస్క్ మీద నేర్పే పాఠం మార్చాను. పెద్దవాళ్ళంటే కింది గది అని ఫయాజ్ ఇప్పుడు ఎవరికీ చెప్పడు. గది మార్చమని ఎవరు ఫోన్ చేసినా, అందులో పడుకునే మనిషి గొంతు వినేదాకా మార్చడు. కారణం అడగడు. కారణం లేకుండా మోకాళ్ళ నొప్పుల మనిషి మెట్లు అడగదు. అడిగితే మెట్లే ఇవ్వాలి.