వినవడ్డది గని నొక్కలే

మాది వరంగల్ బజార్ల మ్యాచింగ్ సెంటర్. చీరె తెచ్చి బల్ల మీద పెడితే దానికి తగ్గ లైనింగు, ఫాల్సు, జాకెట్టు గుడ్డ తీసిస్తం. నేనూ మా యారాలూ, అంటే మా బావ భార్య, కౌంటర్ ఎనుక కూసుంటం. ఆమెను అక్కా అంట. సొంత అక్క ఉన్నా ఇంతగనం నమ్మకపోదును.

నమ్మకం సంగతి ఎందుకంటే, పదకొండేండ్ల కింద నాకు లేని మాటలు వినవడే జబ్బు వచ్చింది. ఒకామె గొంతు, ఒకాయన గొంతు. ఆయన పెద్దగ మాట్లాడడు. ఆమె మాత్రం నా నడక కాడికెళ్లి నా పప్పు దాక దేన్నీ ఇడిచిపెట్టలే. మా అత్తమ్మ బతికున్నన్ని దినాలు కలిపినా అన్ని మాటలనలే. మూడు రకాల గోళీలు పని చెయ్యలే, నాలుగోది పడ్డది. మాటలు తగ్గినయి గని పూరాగ పోలే. మంచిగైన గదా అని ఒకసారి నా అంతట నేనే గోళీ బంద్ జేసిన. నెల తిరగకముందే, ఆ గొంతు చెప్పిందని ఒక గిరాకి పట్టుచీరెను నడిమికి కత్తిరిచ్చిన. పదిహేను దినాలు దవాఖానల ఉన్న. అప్పటిసంది గోళీ ఒక్క పూట గూడ తప్పనియ్య.

అప్పుడే అక్క ఒక ఉపాయం చెప్పింది. ఎవరన్న పిలిచినట్టు వినవడితే ముందుగాల తన దిక్కు చూడాలె. ఆమె తలెత్తితే అది నిజం పిలుపు, ఎత్తకపోతే నా జబ్బు. నేను గట్లనే అలవాటు చేసుకున్న. అక్క అన్నం తిన పోయినప్పుడు ఎనుక నుంచి ఎవ్వరు ఎంత పిలిచినా నేను పలుకకపోయేది. బజార్ల నాకు పొగరని పేరొచ్చింది. పిచ్చిదనే కంటే అదే నయం, నేనేమనలే.

పోయినేడు ఎడమ చెవుల గుయ్యిమనుడు మొదలైంది. ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే మాట ఆగమాగం వస్తాంది. హన్మకొండల నా మనసు డాక్టర్ సారుకు చెప్పిన. ఈ తీరు గోళీలతోని కొందరికి చెవులు తగ్గుతయేమోనని అనుమానం ఉందట గని, మీకు దానితోనే అయిందని చెప్పలేమన్నడు. పరీక్ష చేపిచ్చుకోమన్నడు, అప్పటిదాక గోళీ ఆపొద్దని రెండుసార్లు చెప్పిండు.

చెవుల దవాఖానల చిన్న అద్దాల గదిల కూసోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇచ్చిండ్రు. చప్పుడు వినవడంగనే నొక్కాలెనని ఆ పరీక్ష చేసే పిల్ల చెప్పింది. సన్నగ కుయ్ మన్నది. అద్దంల నుంచి అక్క దిక్కు చూసిన. అక్క బయట కుర్చీల కూసోని చేతుల ఉన్న చీటీ చూస్తాంది, తలెత్తలే. నేను నొక్కలే. ఇంకోటి వచ్చింది, ఇంకోటి వచ్చింది. ఒక్కదానికి గూడ మోసపోలే. బయటికొచ్చినంక నా మీద నాకే జర గర్వమైంది.

రిపోర్టు చూసి చెవుల డాక్టరమ్మ రెండు చెవులూ బాగా దెబ్బతిన్నయన్నది. ఆ గోళీ మార్పియ్యాల్సొస్తదేమో, మీ సారును అడుగుండ్రి అన్నది. నాకు కత్తెర, పట్టుచీరె, అవే కండ్ల ముంగట తిరిగినయి.

అక్క నన్ను పక్కకు తీస్కపోయింది.

"నీకు ఆ చప్పుడు వినవడలేదా?"

"వినవడ్డది."

"మరెందుకు నొక్కలే?"

"నువ్వు తలెత్తలే గదా."

అక్క సీదా లోపటికి పోయి ఆ పిల్లకు సంగతంత చెప్పి, మళ్ల పరీక్ష చెయ్యాలెనని పట్టుబట్టింది. నాకు మాత్రం, ఏది వినవడితే దానికి నొక్కు, మిషన్‌దైనా నీదైనా ఫికర్ లేదు అన్నది. పదకొండేండ్లల మొదటిసారి అన్నిటికీ ఒక్కతీరుగ జవాబిచ్చిన. చప్పుడు లేనప్పుడు గూడ రెండుమూడుసార్లు నొక్కినవని ఆ పిల్ల చెప్పింది, ఆ సంగతి నాకు కొత్త కాదు.

ఈసారి కుడి చెవి మంచిగనే వచ్చింది. ఎడమది నిజంగనే తగ్గింది. గోళీ కావచ్చు, వయసు కావచ్చు, ఇంకోటి కావచ్చు, ఎవ్వరూ తేల్చలే. మనసు డాక్టర్ సారుకు ఫోన్ చేస్తే ఇప్పటికైతే అదే గోళీ నడవనియ్యమన్నడు, ఆర్నెల్లకోసారి చెవులు చూపిచ్చుకోమన్నడు. ఇంకా తగ్గితే అని అడిగిన. అప్పుడు చూద్దమన్నడు.

ఇంటికి ఆటోల వస్తానం. నా మొఖం చూసి అక్క నాకు ధైర్యం చెప్పబోయింది. ఫికర్ చెయ్యకు, చెవులే పోయినా ఆ దిక్కుమాలిన మాటల పీడ గూడ పోతది అన్నది.

"అవి చెవుల నుంచి రావక్కా," అన్న. "చెవులు పోతే అవే మిగుల్తయి. పొయ్యేది నీ మాట."

అక్క ఆటో ఆపిచ్చింది. దిగి, ఎనుక నుంచి తిరిగొచ్చి, నన్ను జరగమని నా కుడిపక్కకు, మంచి చెవి దిక్కు కూసున్నది. పొద్దటి గోళీ ఏసుకున్నవా అని అడిగింది. ఏసుకున్నన్న.