మోకాలి తైలం, గుర్రం మెడ

రాజ్యాలు పుట్టి గిట్టిన వైనం చరిత్రకారులు రాశారు గానీ, పశువైద్య కళాశాలలో గుర్రాలను సాకే బాబాయి రోజూ మోకాలికి గంజాయాకు తైలం రాసుకుని, ఆ చేతిని ఆడగుర్రం మెడకు తుడిచే మహాఘట్టాన్ని ఎవరూ రాయలేదు.

ఒకనాడు డాక్టరమ్మ సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి మురిసిపోయింది. "బాబాయ్, గంజాయి మందును పట్టుకునే గ్రాహకాలు మన గుర్రం మెడ చర్మంలో ఉన్నాయి! ఏ జబ్బూ లేని గుర్రానికే! రేపు దురదలకు మందు చెయ్యొచ్చు."

అవి తన తైలం చెయ్యి తుడిచిన చోటే మొలిచాయనుకున్నాడు బాబాయి. పాపం, ఆ పిల్ల ఏడాది కష్టం తనవల్ల బూడిదలో పోసిన పన్నీరైంది. ఆ రాత్రి ముద్ద దిగలేదు.

"పొద్దున్నే చెప్పేస్తానే. ఉద్యోగం పోతే పోనీ," అన్నాడు భార్యతో.

"ఏమని చెబుతావయ్యా?"

"నా తైలమే దాని ఒంట్లోకి దిగిందని."

"ఏ తైలం?"

"అదే, నా మోకాలి నొప్పి పోగొట్టిన తైలం!"

ఆమె కంచం తీస్తూ చెప్పింది. "అది అయిపోయి రెండేళ్లయింది. ఆ సీసాలో నేను పోస్తున్నది ఆముదం."