ఉరికించిన బొమ్మ

చైనా, జపాన్ సినిమాలు కొత్తగా చూసేవాళ్ళకు ముందు ఫైట్లే చూపించాలని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. తొంభైల్లో మా ఫిల్మ్ సొసైటీలో ఆ మాట అందరికంటే గట్టిగా అన్నవాణ్ణి నేనే.

ఒక మధ్యాహ్నం సూర్యాపేట వైపు వెళ్ళే వీడియో బస్సులో చైనా సినిమా వేశారు. డబ్బింగు లేదు. తెర మీద మంచం పట్టిన తల్లికి కూతురు గంజి తాగిస్తోంది. చౌటుప్పల్ దాటేసరికి వెనక సీట్లవాళ్ళు "ఫైట్ పెట్టు" అని అరిచారు. నేనూ అరిచాను. మీసాల క్లీనరు లేచి, ఫాస్ట్ ఫార్వర్డ్ బటన్ నొక్కి బొమ్మను ఉరికించాడు.

నా పక్క సీట్లోని ముసలామె, దవాఖాన ఎక్స్‌రే కవరు గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది.

"ఎందుకు ఉరికిస్తున్నవ్? ఎన్కకు తిప్పు!"

"గా భాష నీకు సమజైతదా అవ్వా? ఫైట్లు చూడు," అని క్లీనరు నవ్వాడు.

"తల్లికి గంజి తాపుడుకు భాషెందుకురా? భాష కావాల్సింది ఫైట్లకు! గీళ్ళు ఎందుకు కొట్టుకుంటున్రో నాకైతే తెల్వది!"

బస్సంతా నవ్వింది. క్లీనరు వెనక్కి తిప్పలేదు. ఆమె కూర్చుని, మళ్ళీ తెర వైపు చూడలేదు.

కట్టంగూర్‌లో దిగబోతూ నా దగ్గర ఆగింది.

"సదువుకున్నోని లెక్కున్నవ్. గా తల్లి బతికిందా బిడ్డా?"

తెలియదన్నాను. ఆ సినిమా నేను అంతకుముందే మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఆ భాగం ఉరికించే చూశాను.