మావయ్య మానేసిన మాత్ర

మా మావయ్య పోయి పదిహేను రోజులైంది. పొద్దున్నే పనికి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలబడిపోయారని అత్తయ్య ఫోన్ చేసింది. ఆయన కోనసీమలో నలభై ఏళ్లు కొబ్బరికాయలు వలిచిన మనిషి. నేలలో పాతిన గునపం మీద కాయని మూడు పోట్లు పొడిస్తే పైనున్న పీచు డొక్క ఊడిపోవాల్సిందే. నాలుగో పోటు పడితే "ఇవాళ ఒంట్లో బాలేదమ్మా" అనేవారు. నిజంగా బాలేనప్పుడు మాత్రం ఒక్క మాటా అనలేదు.

పోవడానికి నాలుగు నెలల ముందు గుండెపోటు వస్తే రాజమండ్రి తీసుకెళ్లాం. రక్తనాళంలోకి సన్నటి కెమెరా లాంటిది పంపి, లోపల చూసుకుంటూ స్టెంటు వేశారు. "చక్కగా కూర్చుందండి. కానీ రక్తం గడ్డకట్టకుండా ఈ రెండు మాత్రలూ ఏడాది వాడాలి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి" అన్నారు డాక్టరుగారు. మావయ్య చెవికి మొదటి ముక్కే ఎక్కింది. "కళ్లతో చూసి మరీ బిగించారు, ఇంక మాత్రలెందుకే?" అని ఇల్లు చేరేదాకా అదే పాట.

మా ఇల్లు పక్క వీధిలోనే కాబట్టి, మాత్రల చీటీ చదివి, ఏ పూటవి ఆ పూటకి వేరు చేసి పెట్టే పని నాది. రెండు నెలలు తిరక్కుండానే ఆయన మళ్లీ కాయల రాశి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ పనిలో చేతికి గాట్లు మామూలే. కానీ ఇప్పుడు గాటు పడితే గుడ్డ చుట్టినా రక్తం ఆగదు. కాయల మీద మరకలు చూసి తోటివాళ్లు ఇంటికి పొమ్మన్నారు. అప్పటినుంచి పనున్న రోజుల్లో ఆ రెండింట్లో ఒక మాత్ర మింగడం మానేశారు. ఓ రోజు నాకు దొరికిపోయారు.

"డాక్టరుగారినడుగుదాం మావయ్యా, మందు మారుస్తారేమో" అన్నాను.

"అడిగితే పని మానెయ్యమంటారే. ఇంట్లో కూర్చోబెడితే ఎన్ని స్టెంట్లేసినా బతకను. మీ అత్తతో అన్నావో, నా మీద ఒట్టే!"

నాకు సైకిలు నేర్పిన మనిషి. నేను పడ్డ ప్రతిసారీ "నేల గట్టిగానే ఉంది, నువ్వు లే" అన్న మనిషి. చెబితే ఆయన్ని ఇంట్లో కట్టేసినట్టే, చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎటూ తేల్చుకోలేక నోరు మూసుకున్నాను. ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు, నా మీద అంతకంటే ఎక్కువ.

మాత్ర మానినందుకే పోయారని ఎవరూ అనలేదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు కూడా.

పదో రోజున అత్తయ్య నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. "ఇదే కదండీ వేళకి మాత్రలు చూసింది. ఒక్క పూట తప్పనివ్వలేదు. దీని చలవే, ఈ నాలుగు నెలలైనా నాకు దక్కారు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతూ, నా రెండు చేతులూ తన కళ్లకద్దుకుంది. ఆ కన్నీళ్లు నా వేళ్ల సందుల్లోంచి మణికట్టు మీదికి కారుతున్నాయి. చేతులు వెనక్కి తీసుకోలేకపోయాను.