సాయిబు తాత అడిగిన మాట

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంటికీ పక్కింటి సాయిబు తాత ఇంటికీ నడుమ ఒక మట్టిగోడ ఉండేది. ఒక వానకు అది కూలింది. తిరిగి కట్టేటప్పుడు జానెడు జాగా దగ్గర మాట పెరిగి, సాయిబు తాత నలుగురి ముందు మా నాయనను కూటి కోసం దేవుణ్ణి మార్చుకున్నోడన్నాడు. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు, ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పేవాడు. తలవంచుకుని ఇంట్లోకి వచ్చేశాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. రంజాన్‌కు తాత భార్య, మేము అవ్వ అనేవాళ్లం, సేమియా గిన్నె గోడ మీద పెట్టి పోయేది. క్రిస్మస్‌కు మా అమ్మ ఆ గిన్నెలోనే అరిసెలు పెట్టేది. మగవాళ్లిద్దరూ చూడనట్టే ఉండేవాళ్లు.

కొన్నేళ్లకు సాయిబు తాత హజ్‌కు బయలుదేరాడు. పోయే ముందు ఇల్లిల్లూ తిరిగి, తెలిసీ తెలియక చేసిన తప్పులకు మాఫీ అడగడం వాళ్ల ఆచారం. మా ఇంటికి చివరన వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"అయ్యవారూ, ఆ పొద్దు నేనన్న మాట మాఫ్ చెయ్యప్పా."

"క్షమించేది దేవుడు సాయిబూ. నేనెంతటోన్ని."

"దేవున్ని ఆడికి పోయి అడుక్కుంటాలే. ఈడ నిన్ను అడుగుతాండా."

మా నాయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. అందులో వినయం ఎంతో, మానని గాయం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. సాయిబు తాత ఆమేన్ దాకా ఆగి, ఇంకా కొంచెంసేపు చూసి వెళ్లిపోయాడు.

మరునాడు తెల్లవారుతూనే అవ్వ గోడ దగ్గరికి వచ్చింది. తాత అన్నం ముట్టకుండానే నంద్యాలకు రైలుబండి ఎక్కడానికి పోయాడట. మనిషికి చేసిన తప్పును ఆ మనిషే మాఫ్ చేయాలని, అంతవరకు అల్లా కూడా చేయడని వాళ్ల నమ్మకమట. మా అమ్మ లోపలికి వచ్చి, కానుకను బలిపీఠం దగ్గరే వదిలి ముందు పోయి నీ సహోదరునితో సమాధానపడమన్న యేసు మాటను ప్రతి ఆదివారం చెప్పేది మీరే కదా అంది. నాయన అంగీ వేసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

మా బస్సు దారిలో చెడిపోయింది. స్టేషన్‌కు చేరేసరికి బండి కదులుతోంది. పూలదండతో కిటికీ దగ్గర తాత కనిపించాడు. "మాఫ్ చేసినా సాయిబూ, నేనే చేసినా" అని అరుస్తూ నాయన పరుగెత్తాడు. అప్పుడే ఇంజను కూత వేసింది. తాత చెయ్యెత్తాడు. అది సలామో, వినపడలేదని చెప్పడమో తెలియలేదు.

ఆయన తిరిగి రాలేదు. మక్కాలోనే మట్టి చేశారని తోటి హాజీలు చెప్పారు. హజ్‌కు పోయే ముసలాయననైనా క్షమించని కఠినుడని మా నాయన గురించి ఊళ్లో ఇప్పటికీ అంటారు. నాయన ఆ పొద్దు ప్లాట్‌ఫాం చివరిదాకా పరుగెత్తాడు. చూసినవాణ్ణి నేను. ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఏ ఊరికి పోయినా బండి కూత వినిపిస్తే చాలు, "విన్నాడంటావా?" అని నాయన నన్ను అడిగేవాడు. చిన్నప్పుడు విన్నాడనే అనేవాణ్ణి. చదువుకుని పెద్దవాణ్ణయ్యాక విసుగొచ్చింది. చివరిసారి మంచంలో ఉండి అడిగినప్పుడు, "దేవునికి తెలుసులే నాయనా" అన్నాను. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తరువాత పోయేదాకా ఇంకెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఎవరు ఏ చిన్న తప్పుకు మాఫీ అడిగినా, వాళ్ల మాట పూర్తికాకముందే మాఫ్ చేశానని గట్టిగా చెప్పేస్తాను. బండి కూత పెట్టినప్పుడు మాత్రం, పక్కన ఎవరున్నా సరే, "విన్నాడు నాయనా" అంటాను.