జొన్నరొట్టె కోసం నైజీరియా అంతా

తన కూతుర్ని నా వెంట విమానం ఎక్కించే ముందు మా మామ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. జీతం ఎంతని అడగలేదు. ఆ దేశంలో పులులు వీధుల్లో తిరుగుతాయా అనీ అడగలేదు.

"అల్లుడా, గాడ జొన్నలు దొరుకుతయా?"

మామది ఆదిలాబాద్ నల్లరేగడి. వాళ్లింట్లో జొన్నరొట్టె తినకుండా లేచినవాడు అన్నం తిన్నా ఉపవాసం ఉన్నట్టే లెక్క. మాది పెద్దపల్లి పక్కన వరి పండే ఊరు. పెళ్లయిన మూడేళ్లూ మా ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు మతాలు. ఎనభైల మొదట్లో మా జిల్లా జనం దుబాయికి, మస్కట్‌కు పోతుంటే నాకు మాత్రం నైజీరియాలో లెక్కల పంతులు ఉద్యోగం దొరికింది. దాంతో నా తల చుట్టూ ఒక కాంతివలయం పుట్టింది. కరెంటు పోయిన సాయంత్రాల్లో మా అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వెలుతురులోనే బియ్యంలో రాళ్లు ఏరేది. అంత వెలుగుతున్న మనిషి మామగారి ముందు 'తెలియదు' అని ఎలా అంటాడు?

"జొన్నలా మామా! గాడ మనుషుల కంటె జొన్నలే ఎక్కువ. విమానం దిగంగనే కాళ్లకు అడ్డం తగుల్తయ్."

మామ సంతోషించి, కూతురికి పెనం, పీట, జల్లెడ కట్టి ఇచ్చాడు.

నన్ను వేసింది దక్షిణాన, అడవుల నడుమ ఉన్న ఊళ్లోని కేంద్ర ప్రభుత్వ బడికి. అక్కడ వాన పడని రోజున జనం ఆకాశం వైపు అనుమానంగా చూసేవారు. గొడుగును మూలకు నిలబెట్టి మరిచిపోతే కర్రకు చిగురు వేసింది. ఆ నేలలో పండేది పెండలం గడ్డ. ఒక్కో గడ్డ మా మామ తొడంత ఉంటుంది. దిగిన మర్నాడే పక్కింట్లో రోకలి చప్పుడు విని మా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తుకుని పరుగెత్తింది, అంతే వేగంగా వెనక్కి వచ్చింది.

"రోకలి మన రోకలే, రోలు మన రోలే. గని దంచేది గడ్డ! ఉడకబెట్టిన గడ్డను మల్ల దంచుతున్నరు. ఏం పాపం జేసిందో గది."

నాకు మాత్రం ఏ లోటూ లేదు. బజార్లో బియ్యం బస్తాలకు బస్తాలు. మూడు పూటలా అన్నం తిని నున్నగా తయారయ్యాను. అదే నా నేరం. మూడో నెలలో ఒకనాడు ఆవిడ ఖాళీ పెనాన్ని నా కంచం పక్కన పెట్టింది.

"ఓ సారూ, జర ఇను. క్రిస్మస్ సెలవులు అయిపోయేలోపు గీ పెనం మీద ఒక్క రొట్టె పొంగాలె. పొంగితె ఉంట. లేకుంటె ఆదిలాబాద్‌కు నా టిక్కెట్ తీయ్."

"ఒక్క రొట్టె కోసం మొగణ్ణి ఇడిసి పోతవానే?"

"మొగడు ఆడ గూడ దొరికిండు. రొట్టె ఈడ దొరుకుతలేదు."

నవ్వకండి. ఆవిడ వెళ్లిపోతే ఆ ఊరి చుట్టూ నాలుగు వందల మైళ్లలో తెలుగు మాట్లాడటానికి నాకు గోడలు తప్ప ఎవరూ మిగలరు. ఇంగ్లీషులో తిట్టించుకుని బతకగలనా? రాత్రికి రాత్రే బక్కచిక్కిపోయాను.

మా బడి డ్రిల్లు మాస్టరు ఉత్తరాదివాడు, కానో నగరపు హౌసా మనిషి. గుమ్మాలన్నీ తన కోసమే పొట్టిగా కట్టారని ఫిర్యాదు చేసేటంత పొడుగరి. నా కష్టం విని, "మా ఊళ్లో గుర్రాలకు కూడా జొన్నలే. సెలవుల్లో మా ఇంటికి రండి, మా అమ్మ సంతోషిస్తుంది" అన్నాడు. నేను గుర్రాల మాట మింగేసి, మిగతాది ఇంట్లో చెప్పాను.

సెలవులు ఇవ్వగానే మేం ముగ్గురం, ఆవిడ ఒళ్లో ఆ పెనంతో, స్టేషన్ వ్యాగన్ టాక్సీ ఎక్కాం. అది ఏడుగురికని చేసిన బండి, ఎక్కించింది పదకొండు మందిని, రెండు మేకలను. డ్రైవరు బ్రేకును దేవుడి నగలా చూసుకున్నాడు, పండగకు తప్ప ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి అడవి పలచబడి, బెన్యూ నది వచ్చింది. బాసరలో గోదావరిని చూసినవాళ్లం, మామూలు నీళ్లకు నోరు తెరవం. అయినా ఆ వంతెన మీద మా ఆవిడ రెండు చేతులూ జోడించింది. నది దాటగానే బజార్లో నువ్వులు కనబడ్డాయి, కుప్పలు కుప్పలుగా.

"సూసినవా? నువ్వులు! నువ్వులొచ్చినయంటె ఎనుక జొన్నలొస్తున్నట్టే," అన్నాను, నువ్వుల్నీ జొన్నల్నీ ఒకే రైలు ఎక్కించి వచ్చినవాడిలాగా.

సాయంత్రం ఆగిన పల్లెలో నా మాట నిజమైంది కూడా. ఒక ముసలమ్మ ముందు గంపెడు ఎర్రజొన్నలు! నేను మామగారికి మనసులోనే దండం పెట్టుకుని మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ఆవిడ గింజలు చేతిలోకి తీసుకుంది, మొలకలు చూసింది, వాసన చూసింది, పక్కన నురగలు కక్కుతున్న కుండ వైపు చూసింది. డ్రిల్లు మాస్టరు తల దించుకుని, "ఇక్కడివాళ్లు దీంతో కల్లులాంటిది కాస్తారు" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది.

"మా బాపుకు ఏమని రాయాలె? జొన్నలున్నయ్ గని, తింటలేరు, తాగుతున్నరు అని రాయాల్నా?"

ఆవిడ టాక్సీ వైపు నడిచింది. నేను వెనక ఆగి ఒక గిన్నెడు తాగాను. బాగానే ఉంది. ఆ మాట ఇప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు.

తర్వాత ఎత్తైన జాస్ పీఠభూమి, ఆ రాత్రి అక్కడే బస. ఆఫ్రికా అంటే నిప్పుల కొలిమి అని మా ఊళ్లో చెప్పినవాళ్లను అక్కడికి తెచ్చి చొక్కా విప్పించాలి. నా పళ్లు ఎంత గట్టిగా కొట్టుకున్నాయంటే, పక్క గదిలోవాళ్లు ఎవరో టైపు కొడుతున్నారని వచ్చి చూసి పోయారు. అక్కడి బజార్లో ఆవాల కన్నా సన్నటి గింజలు అమ్ముతున్నారు. ప్రాణం మీద ఆశతో, "గివి పిల్లజొన్నలు, పెద్దగైతె జొన్నలైతయ్" అన్నాను. ఆవిడ పెనాన్ని సంచిలో వేసి జిప్పు లాగింది. తిడితే బాగుండేది. ఆ జిప్పు నాకు ఆదిలాబాద్ టిక్కెట్టు చింపుతున్న చప్పుడులా వినబడింది.

మర్నాడు కొండ దిగి ఉత్తరానికి పోతుంటే చెట్లు ఒకటొకటే సెలవు తీసుకున్నాయి. గాలి నిండా దుమ్ము. ముక్కు, చెవులు, చివరికి జేబులో ఉన్న పర్సు కూడా దుమ్ము పట్టి తుమ్మాయి. అప్పుడు కేక పెట్టింది మా ఆవిడ. డ్రైవరు భయపడి ఆ రోజుకు మొదటిసారి బ్రేకు వేశాడు.

"సొప్ప! సొప్ప సూడుండ్రి!"

రోడ్డు పక్కన కోసి నిలబెట్టిన జొన్నచొప్ప కట్టలు, కనుచూపు మేర. ఆవిడ దిగిపోయి ఒక దంటును విరిచి నమిలింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "దుమ్ము పడ్డది" అంది. నేనూ తుడుచుకున్నాను. నాది నిజంగా దుమ్మే.

కానోలో డ్రిల్లు మాస్టరు ఇల్లు మట్టిగోడల కోట. మగ అతిథులు వాకిలి గదిలోనే ఆగాలి, లోపలంతా ఆడవాళ్ల రాజ్యం. మా ఆవిడను వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నా కాపురం తేలేది గోడకు అటువైపు, నేను గోడకు ఇటువైపు. నాకు అందింది చప్పుడు మాత్రమే.

టప్, టప్, టప్. అరచేత్తో రొట్టె తడుతున్న చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. తర్వాత గోడ మీదుగా తెలుగు ఎగిరి వచ్చింది.

"ఓ సారూ! ఇరిగింది!"

"ఇంకోటి సెయ్యే!"

"అది గూడ ఇరిగింది! గీళ్లు జొన్నలను దంచి, పొట్టు తీసి, కడిగి పట్టిస్తరు. గీ పిండిల జిగటే లేదు. టిక్కెట్ ఏ దినంది?"

"ఏమంటోంది?" అని డ్రిల్లు మాస్టరు అడిగాడు.

"మీ ఆతిథ్యాన్ని మెచ్చుకుంటోంది," అన్నాను.

మర్నాడు ఆవిడే బజారుకు బయల్దేరింది. గింజలమ్మే ఆమెకు తెలుగు రాదు, ఈమెకు హౌసా రాదు. ఈమె గింజను పంటి కింద పెట్టి కటుక్కుమనిపించి పెదవి విరిచింది. ఆమె నొచ్చుకుని వెనకాల దాచిన కొత్త బస్తా విప్పింది. ఈమె మళ్లీ కటుక్కుమనిపించి తలూపింది. ఆమె ఒక దోసెడు కొసరు వేసింది. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు, ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు.

పిండి గిర్ని దగ్గర పట్టేవాడు పొట్టు తీయని జొన్నలు పట్టనన్నాడు. మాస్టరు వాళ్లమ్మ కూడా, "అయ్యో, అది గుర్రాల దాణా" అని కొడుకుతో చెప్పించింది. అది విని మా ఆవిడ నా వైపు చూసింది.

"నన్ను గుర్రమనుకొమ్మను, ఫికర్ లేదు. పట్టుమను."

పట్టాడు. మళ్లీ గోడ. వేడినీళ్లు పోసి కలిపినట్టుంది, కాసేపు ఏమీ వినబడలేదు. టప్, టప్. నేను వేములవాడ దేవుడికి వరసగా మూడు కోడెలు మొక్కాను, వాటిని కొనే స్తోమత లేదని తెలిసి కూడా. టప్, టప్. ఆగింది. ఒక ఊపిరి. అంతలో లోపల పాతికమంది ఆడవాళ్లు ఒక్కసారిగా కేకలు వేస్తూ చప్పట్లు కొట్టారు. గోడ వణికింది.

ఆవిడ పెనంతో సహా బయటికి వచ్చింది. దాని మీద రొట్టె, పెళ్లికొడుకు తలపాగాలా పొంగి.

"ఉంట," అంది.

నేను రొట్టె తుంచబోయాను.

"గని ఈడనే ఉంట, గా గడ్డల ఊరికి రాను. గీ అవ్వ నాకు ఉండనీకి అర్ర ఇస్తనన్నది. నువ్వు పోయి బదిలీ అడుగు. అయ్యేదాక సెలవులకు వచ్చి పో, సుట్టం లెక్క."

నేను ఒంటరిగా దక్షిణానికి తిరిగి వచ్చి బదిలీ దరఖాస్తు తీసుకున్నాను. ఆ పచ్చటి చల్లటి ఊరిని వదిలి ఎడారి అంచుకు పోతానన్నవాడు ఆ బడి చరిత్రలో ఎవడూ లేడట. 'కారణం' అన్న గడి దగ్గర చాలాసేపు పెన్ను ఆడించాను. అబద్ధాల్లో అప్పటికే నాకు మంచి పేరుంది, గుండెజబ్బు నుంచి తేనెటీగల దాకా ఆలోచించాను. చివరికి అలసిపోయి, 'నా భార్యకు ఇక్కడ జొన్నలు దొరకవు' అని రాసి పెద్దాఫీసులో ఇచ్చాను.

అధికారి కూడా ఉత్తరాదివాడే. కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, కిటికీలోంచి అడవిని చూశాడు.

"నేను తొమ్మిదేళ్లుగా ఈ గడ్డలే తింటున్నాను. ఇలా రాయొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు," అన్నాడు.

నా దరఖాస్తు మీద సంతకం పెట్టి, సొరుగులోంచి ఇంకో ఖాళీ దరఖాస్తు తీసి, నా పెన్ను అడిగాడు.